కోడిపిల్లలకు విటమిన్లు, టానిక్‌లు: ఏవి ఇవ్వాలి, ఏవి ఆపాలి?

పెరటిగూడు

అందరికీ నమస్కారం. మేం పెరట్లో కోళ్లు పెంచడం ఇదే మొదటిసారి. ఎనిమిది పిల్లలున్నాయి, మూడో వారం నడుస్తోంది. ఇంకా బల్బు వేడి ఉన్న పెట్టెలోనే ఉంచుతున్నాం. మొదట్లో స్టార్టర్ దాణా (చిన్న పిల్లల మేత) ఒక్కటే పెట్టేవాళ్లం. తర్వాత నూకలు, వండిన అన్నం కూడా కలుపుతున్నాం. వాటికి అవంటే ప్రాణం, ముందు అవే ఏరుకుని తింటాయి.

నిన్నటి నుంచి ఒక పిల్ల సరిగ్గా నడవడం లేదు. లేచి రెండడుగులు వేసి, మళ్లీ మడమల మీద కూలబడిపోతోంది. రెండు కాళ్ల వేళ్లూ పిడికిలి బిగించినట్టు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మేత మాత్రం ఆత్రంగానే తింటోంది. కళ్లు చురుగ్గానే ఉన్నాయి.

విటమిన్ చుక్కల మందు, కాల్షియం సిరప్, లివర్ టానిక్, ప్రోబయాటిక్ పొడి నాలుగూ తెచ్చాం. ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు. అన్నీ కలిపి నీళ్లలో వేసేయొచ్చా? ఏది ముందు ఇవ్వాలి? చాలా టెన్షన్‌గా ఉంది, దయచేసి ఎవరైనా చెప్పండి.

తూర్పువాకిలి

కాల్షియం సిరప్ మాత్రం ముట్టుకోకండి. మిగతావి తర్వాత చూద్దాం.

ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఆ పిల్ల కాళ్లు పుట్టినప్పుడు బాగానే ఉన్నాయా? పెట్టె అడుగున ఏం పరిచారు? దాణా ఎంత, నూకలు ఎంత? దాణా బస్తా ఎప్పుడు తెచ్చారు, ఎక్కడ పెట్టారు? రెట్టలో రక్తం ఏమైనా కనిపిస్తోందా? మడమ కీలు వాచి ఉందా? కాళ్లు రెండూ ఒకేలా ఉన్నాయా, లేక ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చాపుతోందా?

కోడిపిల్ల కుంటడానికి పది కారణాలుంటాయి. అందులో కొన్నిటికే విటమిన్ పనిచేస్తుంది.

పెరటిగూడు

వెంటనే స్పందించినందుకు ధన్యవాదాలండీ. పుట్టినప్పుడు కాళ్లు బాగానే ఉన్నాయి, మిగతా వాటితో సమానంగా పరుగెత్తేది. అడుగున వరిపొట్టు పరిచాం. దాణా సగం, నూకలూ అన్నం కలిపి సగం. బస్తా మాకు తెలిసినవాళ్ల దగ్గర మిగిలితే తెచ్చుకున్నాం, కాబట్టి అది కొంచెం పాతదే. వరండాలో మూతి విప్పి ఉంచాం, సాయంత్రం పూట అక్కడికి ఎండ వస్తుంది. రెట్టలో రక్తం లేదు, కాస్త పల్చగా ఉంది. కీలు వాపు లేదు. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయి.

రెక్కలతోక

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే బి2 లోపం, అంటే రైబోఫ్లేవిన్ లోపం అనిపిస్తోంది. పుట్టినప్పుడు బాగుండి, రెండు మూడు వారాల వయసులో రెండు కాళ్ల వేళ్లూ లోపలికి ముడుచుకుపోయి, మడమల మీద నడుస్తూ, మేత మాత్రం బాగా తింటోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఈ లోపంలో కాలికి వెళ్లే పెద్ద నరం దెబ్బతింటుంది. తొందరగా పట్టుకుంటే చాలా పిల్లలు కోలుకుంటాయి. చాలా రోజులు అలాగే వదిలేస్తే నరం మళ్లీ బాగుపడదు. కాబట్టి ఈ రోజే మొదలుపెట్టండి. వీలైతే పశువుల డాక్టర్‌కి కూడా చూపించండి, ఎందుకంటే ఫొటో చూసో రాత చదివో నరాల జబ్బుని ఖాయం చేయలేం.

మీరు తెచ్చిన విటమిన్ చుక్కల మందు సీసా మీద చూడండి, బి2 ఉందా అని. ఉంటే ఆ పిల్లకి విడిగా ముక్కు దగ్గరే ఇవ్వండి, మోతాదు సీసా మీద రాసినట్టే. ఇచ్చే పద్ధతి ముఖ్యం. పిల్లని అరచేతిలో కూర్చోబెట్టి, ముక్కు పక్క అంచున ఒక్క చుక్క పెట్టండి. చుక్క ముక్కు గీత వెంట లోపలికి జారుతుంది, పిల్ల నాలుక ఆడించి మింగుతుంది. అది మింగాకే రెండో చుక్క. సిరంజితో గొంతులోకి చిమ్మకండి. కోడి నాలుక మొదట్లోనే గాలి పోయే రంధ్రం ఉంటుంది, మందు అందులోకి పోతే పిల్ల దక్కదు.

మిగతా ఏడింటికీ మూడు నాలుగు రోజులు నీళ్లలో కలిపి ఇవ్వండి. ఒకే మేత తింటున్నాయి కాబట్టి వాటిలోనూ లోపం ఉండే ఉంటుంది, బయటపడలేదంతే. బి2 వెలుతురు తగిలితే పాడైపోతుంది. విటమిన్ నీళ్లు ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నీళ్ల గిన్నె నీడలో ఉండాలి. మీ వరండా ఎండలో మూతి విప్పిన బస్తా సంగతి కూడా ఇదే.

గింజలగంప

ఇక మేత లెక్క నేను చెబుతాను. గుడ్ల జాతి పిల్లల స్టార్టర్ దాణాలో మాంసకృత్తులు 18 నుంచి 20 శాతం ఉంటాయి. నూకల్లో 7, 8 శాతం మించవు. సగం సగం కలిపితే మొత్తం మీద 13 శాతం దగ్గరికి పడిపోతుంది. ఆ వయసు పిల్లకి అది చాలదు, అసలు పెరిగిన పెట్టకే అది తక్కువ. విటమిన్లు కూడా సగమైపోతాయి. పాలిష్ పట్టిన బియ్యంలో బి2 లేనట్టే లెక్క. దాణా తయారుచేసేవాళ్లు పిల్ల ఆ దాణా ఒక్కటే తింటుందని లెక్కేసి విటమిన్లు కలుపుతారు. మనం పక్కన ఇంకోటి పెట్టగానే ఆ లెక్క చెడిపోతుంది.

పైగా పిల్లలు ముందు నూకలే ఏరుకుంటాయని మీరే అన్నారు. నెమ్మదైన పిల్ల ఒకటి నూకలతోనే కడుపు నింపుకుని దాణా దాకా రాకపోవచ్చు. మేత ఒకటే అయినా ఒక్క పిల్లకే జబ్బు రావడం అందుకే చాలాసార్లు చూస్తాం.

నూకలు, అన్నం వెంటనే ఆపేయండి. కొత్త బస్తా తెచ్చి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి, చల్లని చీకటి చోట పెట్టండి. పాత బస్తాలో ముక్కిన వాసనో బూజు వాసనో వస్తే ఏ కోడికీ పెట్టకుండా పారేయండి. బూజు పట్టిన గింజల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది, చిన్న పిల్లలు అస్సలు తట్టుకోలేవు.

పొద్దుకూత

అందరూ దాణా దాణా అంటున్నారు కానీ, తల్లికోడి వెంట తిరిగే పిల్లలకి ఎవరు విటమిన్లు ఇస్తున్నారండీ? నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఏ సీసాలూ ఏ బస్తాలూ లేకుండా గట్టిగా పెరుగుతాయి. మనమే వాటిని పెట్టెలో పెట్టి సున్నితం చేస్తున్నాం అనిపిస్తుంది.

రెక్కలతోక

పొద్దుకూత గారూ, మీరు చూసింది నిజమే. కానీ తల్లి వెంట తిరిగే పిల్ల రోజంతా ఏం తింటుందో ఒకసారి గమనించండి. చెదలు, పురుగులు, వానపాములు, లేత ఆకులు, గడ్డి గింజలు. పురుగుల్లో మాంసకృత్తులూ బి విటమిన్లూ దండిగా ఉంటాయి. పచ్చి ఆకులో ఎ, ఇ, కె ఉంటాయి. ఎండలో తిరుగుతుంది కాబట్టి డి3 ఒంట్లోనే తయారవుతుంది. తల్లి రెట్టని గీరుతూ పొడుస్తూ తిరగడం వల్ల పేగులకు కావాల్సిన మంచి సూక్ష్మజీవులూ అందుతాయి. అంటే ఆ పిల్లకి అన్ని సప్లిమెంట్లూ నేల నుంచే దొరుకుతున్నాయి.

పెట్టెలో బల్బు కింద ఉన్న పిల్లకి వీటిలో ఒక్కటీ లేదు. దానికి ప్రపంచమంతా మేత గిన్నె, నీళ్ల గిన్నెలే. ఆ గిన్నెలో ఏం తగ్గినా వెతుక్కునే దారి ఉండదు.

అన్నట్టు, మేతలో లోపం వల్ల జబ్బులొస్తాయని లోకానికి తెలియడంలో కోళ్ల పాత్ర చాలా పెద్దది. 1890ల్లో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్, పాలిష్ బియ్యం తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడటం, తవుడు పోని బియ్యం పెడితే కోలుకోవడం గమనించారు. ఆ దారిలోనే తర్వాత బి1 విటమిన్ బయటపడింది. ఆయనకి 1929లో నోబెల్ వచ్చింది. విటమిన్ కె కూడా కోడిపిల్లల వల్లే దొరికింది. కొవ్వు తీసేసిన మేత తిన్న పిల్లలకి రక్తస్రావం ఆగకపోవడం చూసి హెన్రిక్ డామ్ దాన్ని కనిపెట్టారు. ఆయనకి 1943 నోబెల్‌లో వాటా దక్కింది. నూకలు తిని కూలబడిన కోడి గురించి మనమిప్పుడు మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇదంతా గుర్తొచ్చింది.

పొద్దుకూత

ఇది బాగా చెప్పారు. నేల చేసే పని అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అయితే పెట్టెలో పిల్లలకి కూడా పురుగులు, ఆకులు వేస్తే సరిపోతుంది కదా?

తూర్పువాకిలి

వేయొచ్చు, కానీ కొసరుగానే. రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. దాణా కాకుండా ఆకు, గింజ, పురుగు ఏది పెట్టినా పక్కనే గ్రిట్ ఉండాలి. కోడికి పళ్లుండవు, కందనకాయలో చిన్న రాళ్లతోనే మేత నూరుకుంటుంది. స్టార్టర్ దాణా నీళ్లకే మెత్తబడిపోతుంది కాబట్టి దానికి రాళ్లు అక్కర్లేదు. ఆకుకి కావాలి. పిల్లలకి ముతక ఇసుక సైజు గ్రానైట్ పలుకులు చాలు, విడిగా చిన్న మూతలో పెడితే కావాల్సినన్ని అవే ఏరుకుంటాయి.

ఆల్చిప్పల పొడిని గ్రిట్ అనుకోకండి. అది కందనకాయలో కరిగిపోతుంది, నూరడానికి పనికిరాదు. అది కాల్షియం. గుడ్లు పెట్టే పెట్టలకే.

పెరటిగూడు

కాల్షియం ఎందుకు వద్దన్నారో కొంచెం చెబుతారా? కాళ్లు బలహీనంగా ఉంటే కాల్షియమే ఇవ్వాలని చాలామంది అన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా అదే అంటున్నారు.

గింజలగంప

ఎదిగే పిల్లకి దాణాలో కాల్షియం ఒక శాతం దగ్గర ఉంటే సరిపోతుంది. స్టార్టర్‌లో అంతే ఉంటుంది. గుడ్లు పెట్టే కోళ్ల లేయర్ దాణాలో 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పెంకు తయారవ్వాలి కాబట్టి. పెంకు పెట్టని పిల్లకి అంత కాల్షియం ఇస్తే బయటికి పంపే పని మూత్రపిండాల మీద పడుతుంది. అవి వాచి, లోపల రాళ్లు కట్టి, యూరేట్లు (మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థాలు) సుద్దలాగా గుండె మీదా కాలేయం మీదా పేరుకుంటాయి. దీన్ని గౌట్ అంటారు. పైకి ఏమీ తెలియదు, ఎదిగాక హఠాత్తుగా పోతాయి. సిరప్ కూడా, పిల్లలకి లేయర్ దాణా పెట్టడం కూడా ఇదే దారి.

నిజంగా ఎముకలే మెత్తబడితే, అంటే రికెట్స్ అయితే, చాలాసార్లు తక్కువయ్యేది డి3. కాల్షియం ఎంత ఉన్నా డి3 లేకపోతే ఒంటికి పట్టదు. కోళ్లకి డి2 సరిగ్గా పనిచేయదు, డి3 కావాలి. మనుషుల మందులు ఇచ్చేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి. అన్నిటికన్నా తేలిక, రోజూ కాసేపు ఎండలో వదలడం. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ పనికిరాదు, డి3 తయారుచేసే కిరణాలని అద్దం ఆపేస్తుంది. ఎండలో పెట్టినప్పుడు పక్కన నీడా నీళ్లూ తప్పనిసరి.

నీలిపింఛం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాదీ అర్జెంటే. మా పిల్లలు నాలుగు వారాలవి. రెట్టలో రక్తం పడుతోంది, రెక్కలు వేలాడేసుకుని ముడుచుకుని కూర్చుంటున్నాయి. డాక్టర్ గారు కాక్సీడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అని చెప్పి ఆంప్రోలియం అనే మందు రాశారు. బలానికి దాంతో పాటు మల్టీవిటమిన్ కూడా నీళ్లలో కలుపుదాం అనుకుంటున్నా. వెల్లుల్లి రసం కూడా మంచిదని ఒకరు చెప్పారు.

రెక్కలతోక

మల్టీవిటమిన్ ఇప్పుడు కలపొద్దు. ఆంప్రోలియం చూడ్డానికి బి1 లాగే ఉంటుంది. కాక్సీడియా పరాన్నజీవి దాన్ని బి1 అనుకుని తీసుకుని, అసలు బి1 అందక దెబ్బతింటుంది. మనం అదే నీళ్లలో బి1 ఉన్న విటమిన్ పోస్తే పరాన్నజీవికి మనమే మేత వేసినట్టు, మందు పట్టు తగ్గిపోతుంది. డాక్టర్ చెప్పిన కోర్సు పూర్తి చేయండి. ఆ తర్వాత విటమిన్లు ఇవ్వండి, ముఖ్యంగా ఎ, కె. పేగు లోపలి పొర మళ్లీ కట్టుకోవడానికి ఎ, రక్తం గడ్డకట్టడానికి కె కావాలి. మందు నీళ్లు తప్ప వేరే నీళ్లు అందుబాటులో ఉంచకండి, లేకపోతే డోసు సరిగ్గా పడదు. వెల్లుల్లితో ఈ జబ్బు తగ్గదు. రక్తం పడే దశలో ఒక రోజు ఆలస్యమైనా పిల్లలు పోతాయి.

ఇంకొకటి, పొట్టు వెంటనే మార్చండి. రెట్టలో పడిన కాక్సీడియా గుడ్లు తడీ వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే అంటించే దశకి వచ్చేస్తాయి. నీళ్ల గిన్నె చుట్టూ ఉన్న తడి పొట్టుని రోజూ తీసేయాలి. ఏ సప్లిమెంటూ ఈ పనికి బదులు కాదు.

తూర్పువాకిలి

దీనికి నాదొక జోడింపు. కాక్సీడియోసిస్ టీకా వేసిన పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు ఆంప్రోలియం కలిపిన దాణా పెట్టకండి. టీకాలో ఉన్న బతికిన జీవుల్ని ఆ మందు చంపేస్తుంది, టీకా వృథా అవుతుంది. పిల్లల్ని తెచ్చుకునేటప్పుడే ఏ టీకాలు వేశారో అడిగి రాసిపెట్టుకోవాలి.

నీలిపింఛం

చాలా థ్యాంక్స్. విటమిన్ కలపకుండా మందు నీళ్లే పెట్టాను. పొట్టు కూడా మారుస్తున్నాం.

చిగురాకు

ప్రోబయాటిక్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పనికొచ్చేదేనా? నేను నీళ్లలో యాపిల్ సిడర్ వెనిగర్ కూడా వాడుతున్నాను, పిల్లలు బాగానే ఉన్నాయి.

రెక్కలతోక

ప్రోబయాటిక్ వెనక గట్టి ఆధారమే ఉంది. 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మీ, రాంటాలా అప్పుడే పొదిగిన పిల్లలకి ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగుల్లోని సూక్ష్మజీవులని ఇస్తే సాల్మొనెల్లా పేగుల్లో స్థిరపడలేకపోవడం చూపించారు. మంచివి ముందే చోటు ఆక్రమించుకుంటే చెడ్డవాటికి చోటు దొరకదు. అందుకే ప్రోబయాటిక్ ఇవ్వాలంటే మొదటి రోజుల్లో ఇవ్వడం ఎక్కువ ఉపయోగం, యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక కూడా. కోళ్ల కోసమే చేసినది వాడండి. పెరుగు కొద్దిగా పెడితే తప్పు లేదు. పాలు మాత్రం వద్దు, పాలలోని చక్కెర కోడికి అరగక పారుతుంది.

వెనిగర్‌కి అంత ఆధారం నాకు కనిపించలేదు. బాగా పల్చగా కలిపితే హాని లేదు. కానీ జింకు పూత ఉన్న రేకు గిన్నెలో ఎప్పుడూ పోయకండి. ఆమ్లానికి జింకు కరిగి నీళ్లలోకి దిగుతుంది, అది విషం. ప్లాస్టిక్ గిన్నె అయితే ఫరవాలేదు.

గింజలగంప

ఎలక్ట్రోలైట్ల (నీళ్లలో కలిపే లవణాల) గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, వేసవిలో అందరూ అడుగుతారు. దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకి, ఎండకి నోరు తెరిచి రొప్పుతున్నవాటికి, విరేచనాలతో నీరసించినవాటికి ఒకటి రెండు రోజులు ఇవ్వొచ్చు. రోజూ ఇచ్చే పానీయం కాదది. చిన్న పిల్లల మూత్రపిండాలు ఎక్కువ ఉప్పుని బయటికి పంపలేవు. పొట్టలో నీరు చేరి చనిపోతాయి. ఇంట్లో కొలత లేకుండా ఉప్పు వేసి కలపడం అందుకే ప్రమాదం.

నీళ్లలో కలిపే దేనికైనా ఇంకో చిక్కుంది. మామూలు రోజుల్లో పిల్ల తిన్న దాణా బరువుకి రెండింతల దాకా నీళ్లు తాగుతుంది. ఎండ పెరిగితే తిండి తగ్గించి నీళ్లు చాలా ఎక్కువ తాగుతుంది. మీరు అదే కొలతతో కలిపినా పిల్ల ఒంట్లోకి వెళ్లే డోసు పెరిగిపోతుంది. బి విటమిన్లు ఎక్కువైతే రెట్టలో పోతాయి కానీ ఎ, డి ఒంట్లోనే నిలిచిపోతాయి. దాణాలో ఉన్నవి, చుక్కల మందులో ఉన్నవి, టానిక్‌లో ఉన్నవి మూడూ కలిస్తే డి3 మోతాదు మించి, అదే కాల్షియం మూత్రపిండాల్లో పేరుకునేలా చేస్తుంది. అందుకే ఒకసారికి ఒకే సీసా. పెరటిగూడు గారూ, ఆ లివర్ టానిక్ మూత తీయకుండా పక్కన పెట్టండి. డాక్టర్ చెబితే తప్ప దాని పని లేదు.

బాతుల_చెరువు

మా దగ్గర బాతుపిల్లలు, కోడిపిల్లలు ఒకే పెట్టెలో ఉన్నాయి. ఒకే దాణా సరిపోతుందా? బాతుపిల్లలకి కాళ్లు వంకరపోతాయని విన్నాను.

తూర్పువాకిలి

బాతుపిల్లలకి నియాసిన్, అంటే బి3, కోడిపిల్లల కన్నా చాలా ఎక్కువ కావాలి. కోడిపిల్లలకి కిలో దాణాలో 27 నుంచి 35 మిల్లీగ్రాములు చాలితే, బాతుపిల్లలకి 55 దాకా కావాలి. కోడి స్టార్టర్ పెడితే పైన బి3 విడిగా కలపాలి. వీలైతే వేరే పెట్టెలో పెంచండి. బాతులు నీళ్లు చిమ్మి పొట్టంతా తడిపేస్తాయి, ఆ తడి కోడిపిల్లలకి మంచిది కాదు.

పెరటిగూడు

అప్‌డేట్ ఇస్తున్నాను. డాక్టర్‌కి చూపించాం. బి2 లోపమే అయ్యుంటుందని చెప్పి బి కాంప్లెక్స్ రాశారు. మీరు చెప్పినట్టు ముక్కు అంచున చుక్కలు పెడుతున్నాం. నూకలు, అన్నం పూర్తిగా ఆపేసి కొత్త దాణా పెట్టాం. మొదట అలిగినట్టు తినలేదు, తర్వాత అలవాటు పడ్డాయి. ఆ పిల్లని మధ్యలో వల పెట్టి విడిగా ఉంచాం, మిగతావి కనిపిస్తూనే ఉంటాయి. కుడికాలి వేళ్లు బాగా విచ్చుకున్నాయి, నిలబడి నడుస్తోంది. ఎడమకాలి నడిమి వేలు ఇంకా కొంచెం వంగే ఉంది. ఇంకేమైనా చేయాలా? విటమిన్ ఎప్పుడు ఆపాలి?

రెక్కలతోక

చాలా సంతోషం. వేళ్లు విచ్చుకుంటున్నాయంటే నరం స్పందిస్తోందన్నమాట. మిగిలిన వేలికి సపోర్ట్ కట్టొచ్చు. పలచని అట్టముక్కని పాదం ఆకారంలో కత్తిరించి, వేళ్లు తిన్నగా పరిచి, మెత్తని టేపుతో అతికించండి. గట్టిగా బిగించకండి, రోజూ ఒకసారి విప్పి చూడండి, వేలు వాచినా రంగు మారినా వెంటనే తీసేయండి. ఈ వయసులో ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది.

మిగతా ఏడింటికీ విటమిన్ నీళ్లు ఇక ఆపేయొచ్చు, కొత్త దాణాలో అన్నీ ఉన్నాయి. ఈ పిల్లకి డాక్టర్ చెప్పినన్ని రోజులు ఇవ్వండి.

గింజలగంప

ఎనిమిది వారాలు దాటాక గ్రోవర్ దాణాకి (ఎదిగే పిల్లల మేతకి) మార్చండి. ఒక్కసారిగా కాకుండా వారం పాటు పాతదానిలో కొత్తది కలుపుతూ పెంచండి. నూకలు మళ్లీ పెట్టాలనిపిస్తే అప్పుడు, అదీ సాయంత్రం పూట గుప్పెడే, పొద్దుటి నుంచి దాణా కడుపునిండా తిన్నాక, గ్రిట్ పక్కన పెట్టి. లేయర్ దాణా, ఆల్చిప్పల పొడి మొదటి గుడ్డు కనిపించే వరకూ వద్దు.